గుడి ముందు ఊడిరాని బూటు

నవంబరు 14, గురువారం. మోకాలి మంటకు నిద్ర రాక రాస్తున్నాను.

మనవరాలు సింధు మాట విని ఒంటికి అతుక్కునే నల్ల లైక్రా ప్యాంటు, పెడల్‌కు బిగుసుకునే సైక్లింగ్ బూట్లు కొన్నాను. ప్యాంటుకు సిగ్గేసింది గానీ, చీర కుచ్చిళ్లు చైన్‌లో పడతాయన్న భయం పోయింది. బూట్లే కొంప ముంచాయి. పొద్దున అమ్మవారి గుడి దాటుతూ, ఎప్పటి అలవాటుగా, సైకిలు మీదే చెప్పులోంచి తీసినట్టే కాలు తీసి దండం పెట్టబోయాను. బూటు పెడల్‌ను వదల్లేదు. సైకిలుతో సహా పడ్డాను.

"మడమ పక్కకి తిప్పమని చెప్పినా గదవ్వా! ఆదివారం మైపాడు బీచికి సైకిలు మీద నువ్వు రావద్దులే," అంది సింధు.

"అందంగా ఉండాయని ఈ బూట్లు ఏరింది ఎవురే?" అన్నాను. పడ్డది నేను, ఆంక్షలూ నాకేనా?

1. బూట్లు వాపసు ఇచ్చి, మామూలు అడుగున్నవి తేవాలి.
2. ప్యాంటు ఉంచుకోవాలి. పైన పొడుగు కుర్తా.
3. ఆదివారం మైపాడు వెళ్లాలి, సింధు రాకపోయినా సరే.