నవ్వే షాట్

ఫిబ్రవరి 3
మూసేసిన పత్తి జిన్నింగ్ మిల్లులో సినిమా తీస్తున్నారు. ఆడవాళ్లను వరుసగా చంపుతూ పోయే ఒకడి కథ. శవాలుగా పడుకోవడానికి ఊళ్లోవాళ్లే కావాలట. నేను, పక్కింటి షాహీన్ పేర్లిచ్చాం. కుట్టుమిషన్ ఎటూ ఖాళీగానే ఉంది.
కన్నతల్లి కదా, అవ్వ మాత్రం ససేమిరా అంది. "సచ్చినట్టు పండుడేందే? ఒక బిడ్డను మట్ల పెట్టిన, సాలదా?"
సినిమా మేనేజరే ఫోన్లో సర్దిచెప్పాడు — శవం వేషం వేసినవాళ్లకు చివర్లో నవ్వే షాట్ తీస్తారట, దాంతో కీడు పోతుందట, సినిమావాళ్ల ఆనవాయితీ. అప్పుడు ఒప్పుకుంది.

ఫిబ్రవరి 5
షాహీన్ రెండో శవం. నేను మూడో శవం. ఆ చచ్చిన ఆమె పేరేమిటని అడిగితే అదే పేరన్నారు.
చంపేవాడికి మాత్రం ఎన్ని సంగతులున్నాయో! చిన్నప్పుడు తల్లి కొట్టింది. వాన అంటే భయం. పావురాలకు గింజలు వేస్తాడు... డైరెక్టర్ హీరోకు చెబుతూనే ఉన్నాడు, నేను దూది దుమ్ములో పడుకుని వింటున్నాను. "వాడి మనసు లోపలికి వెళ్దాం" అంటాడు. వెళ్లండి. మమ్మల్ని తొక్కుకుంటూ వెళ్లండి.
ఉండబట్టలేక లేచి అడిగాను. "సార్, గీమె ఏం పని చేస్తది? ఇంట్ల ఎవరున్నరు?"
"అది కథకు అవసరం లేదమ్మా. మీరు కళ్లు మూసుకోండి."
ఒళ్లు మండింది. మూసుకున్నాను.

ఫిబ్రవరి 6
అక్కను బావ చంపినప్పుడూ ఇదే వరస. ఊరంతా వాడి గురించే. "నెమ్మదస్తుడు... గట్లెందుకు జేసిండో... మనసుల ఏమున్నదో." అక్క గురించి ఒక్కటే మాట — "అందరితోటి నవ్వుకుంట మాట్లాడేది గదా." నవ్వడమే నేరమైనట్టు! అక్క కత్తెర పడితే జాకెట్ గుడ్డలో ముక్క వృథా అయ్యేది కాదని, నాకీ పని నేర్పింది తనేనని ఎవడికీ పట్టలేదు.

ఫిబ్రవరి 7
చివరి రోజు. హీరోకు గుమ్మడికాయ తిప్పి కొట్టారు. మాకు — "ప్యాకప్, లేవండి."
నవ్వే షాట్ ఏదీ అన్నాను. "లైట్లు విప్పేశారమ్మా, ఇంకోసారి."
"గా షాట్ తీసేదాక లేవ."
లేవబోతున్న షాహీన్ మళ్లీ పడుకుంది. "మై భీ నై ఉఠ్తీ. నేన్గూడ లేవ."
శవాలు ధర్నా చేయడం మేనేజర్ ఎప్పుడూ చూసి ఉండడు. చివరికి డైరెక్టరే కెమెరా తెప్పించి నా ముఖం మీదికి దించాడు. మెడ మీద రక్తం రంగు అట్లాగే ఉంది. నవ్వు రాదే! షాహీన్ నా వైపు తిరిగి, "జడ నిండ దూదే... బతుకమ్మల గునుగు పువ్వు లెక్కున్నవ్ పో" అంది. అంతే, పకపకా నవ్వేశాను.
"బాగుంది" అన్నాడు డైరెక్టర్. "చాలా బాగుంది."

ఫిబ్రవరి 8
"నవ్వినవా?" "నవ్విన." "పండ్లు కనవడేటట్టు?" "ఆఁ."
అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ తర్వాతే అన్నం ముట్టింది.

ఆగస్టు 20
ట్రైలర్ వచ్చింది. షాహీన్ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.
చంపేవాడు నా శవం మీదికి వంగుతాడు. నేను కళ్లు తెరుస్తాను. వాణ్ని చూసి నవ్వుతాను. పండ్లు కనబడేటట్టు. వెనక వాడి గొంతు — "వీళ్లందరికీ నేనంటే ఇష్టం."
అవ్వకు చూపించలేదు.

ఆగస్టు 21
మేనేజర్‌కు ఫోన్ చేశాను. "అది వాడి ఊహ అమ్మా, నిజం కాదు. మీ నవ్వుతోనే ఆ సీన్ నిలబడింది. పేరొస్తుంది మీకు."
పేరా! మూడో శవానికి పేరు!
"గా నవ్వు మా అవ్వ కోసం నవ్విన. సంపెటోని కోసం కాదు. తీసేయుండ్రి."
"షూటింగప్పుడు ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టారు కదమ్మా." ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తడు.
ట్రైలర్ కింద ఎవడో రాశాడు — "ఆమె నవ్వు చూడండి, తప్పంతా వాడిదేనా?" అక్క పోయిన రోజు ఊరివాళ్లు మా వాకిట్లో నిలబడి అన్న మాట ఇదే. అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు నా నవ్వే సాక్ష్యం ఇస్తోంది!

ఆగస్టు 24
షాహీన్‌తో కరీంనగర్ వెళ్లొచ్చాను. లాయరమ్మ కాగితం చదివి పెదవి విరిచింది. "నోటీస్ పంపుదాం. శుక్రవారం రిలీజ్ లోపల ఆగుతదని మాత్రం చెప్పలేను." పంపమన్నాను.

ఆగస్టు 27
జవాబు రాలేదు. రేపే విడుదల.
అవ్వ పెట్టెలోంచి మంచి చీర తీసింది. వాడకట్టంతా చెప్పుకొచ్చింది. "సచ్చినట్టు పన్నది నేను సూడ, కండ్లు మూసుకుంట. నా బిడ్డ నవ్వేటప్పుడు చెప్పు, గప్పుడు తెరుస్త."
చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి... అవ్వ చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటోంది. అచ్చం అక్కలాగే నవ్వుతోంది —