పది వాటాలు, పదకొండు ఇళ్లు

ఊరి పెద్దగారికి,

గ్రామ చరిత్రల విభాగం గుమాస్తా నమస్కరించి వ్రాయునది.

మన ప్రాంతంలోని ఊళ్లన్నిటి చరిత్రనూ ఒకే పుస్తకంగా అచ్చు వేయాలని పైవారు నిర్ణయించారు. యాభై మందికి తక్కువ జనం ఉన్న ఊరికి రెండు పేజీలు కేటాయించాం. జతపరచిన ఫారంలో ఊరు ఎలా పుట్టింది, ముఖ్య సంఘటనలేమిటి, ఇళ్లెన్ని అన్నవి పూర్తిచేసి, ఇంటికొకరు చొప్పున సంతకాలు పెట్టి వచ్చే నెలాఖరులోగా పంపాలి. గడువులోగా చరిత్ర అందని ఊళ్లను చరిత్ర లేనివిగా భావించి, పుస్తకంలోనూ పటంలోనూ పక్క ఊరి వీధిగా చూపడం జరుగుతుంది.

ఇట్లు,
గుమాస్తా

గమనిక: కొట్టివేతలున్న ఫారాలు చెల్లవు.

*

గుమాస్తాగారికి,

కుట్టుమిషను బల్ల మీద కాగితం పెట్టుకుని దర్జీ చెప్పే నమస్కారాలు.

మీ ఉత్తరం పెద్దాయనకు అందింది. ఆయన కళ్లజోడు కాడ విరిగి వడ్రంగి దగ్గర ఉండటంతో, చదివిపెట్టమని నా దగ్గరికి తెచ్చారు. నా అక్షరం గుండ్రంగా ఉంటుందని ఊరి ఉత్తరాలన్నీ నాతోనే రాయిస్తారు. పక్క ఊరి వీధి అన్న మాట వినగానే పెద్దాయన గడప మీదే కూలబడ్డారు. ఆ ఊరివాళ్లు ఇప్పటికే మా వైపు వచ్చినప్పుడల్లా "మీ సందులోకి వచ్చాం" అంటారు. అది అచ్చులోకి కూడా ఎక్కితే మేం తలెత్తుకోలేం. కాబట్టి చరిత్ర తప్పకుండా పంపుతాం.

కాకపోతే ఒక చిక్కుంది. మావి పదకొండు ఇళ్లు, ముప్పై ఎనిమిది మందిమి. చరిత్ర పది వాటాలు. పెద్దాయన తాతగారి రోజుల్లో సాయంత్రం అరుగు మీద చేరితే అందరూ ఒకే కథను ఒకేసారి చెప్పేవారట. వినేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. మాటామాటా పెరిగి ఒకాయనకు రెండు పళ్లు ఊడాయి. ఆ మర్నాడే ఇంటికొక సంఘటన చొప్పున పంచేసుకున్నారు. ఆ ఇంటివాళ్లే అది చెప్పాలి, మిగిలినవాళ్లు ఊఁ కొట్టాలి. ఈనాటికీ ఎవరూ గీత దాటలేదు.

ఊరు పుట్టడం పెద్దాయన ఇంటి వాటా. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "ఇద్దరన్నదమ్ములు ఎక్కడికో బండి మీద పోతుంటే ఇక్కడ ఇరుసు విరిగింది. వడ్రంగికి కబురు పెట్టి కూర్చున్నారు." ఇంతే. వడ్రంగి వచ్చాడా రాలేదా అన్నది వడ్రంగి ఇంటి వాటా కాబట్టి పెద్దాయన నోరు విప్పడం లేదు.

ఉంటాను,
దర్జీ

తా.క.: పళ్లు ఊడిన సంగతి తొందరలో రాసేశాను. అది మేకలాయన ఇంటి వాటా. దయచేసి చదవనట్టే ఉండండి.

*

దర్జీగారికి,

మీ ఉత్తరం అందినది. ఊరు ఇరుసు దగ్గర ఆగిపోయి ఉన్నట్టు గమనించాం. చెప్పినవారి పేరు రాయడానికి ఫారంలో గడి ఒక్కటే ఉంది కనుక, అన్నీ తెలిసిన ఒక్కరి చేత మొత్తం చెప్పించి పంపగలరు.

ఇళ్లు పదకొండు, వాటాలు పది అని రాశారు. ఏ ఇల్లు తప్పిపోయిందో సరిచూసి తెలుపగలరు.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: మేకలాయన పళ్ల విషయం ఫైలులో ఎక్కించలేదని తెలియజేయడమైనది.

*

గుమాస్తాగారికి దర్జీ నమస్కారాలు,

అన్నీ తెలిసిన ఒక్కరు కావాలని మీ ఉత్తరంలో చదివితే అరుగు మీద అందరూ పక్కవాళ్ల వైపు చూశారు. అన్నీ అందరికీ తెలుసు. చెప్పే హక్కు లేదు.

వడ్రంగి వాటా ఇది. కబురు అందుకున్న వడ్రంగి వచ్చి, విరిగిన ఇరుసును అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి పనికొచ్చే చెట్టు ఇక్కడ ఉంది గానీ ఇంకా లేతగా ఉంది అన్నాడట. పెరిగేదాకా ఆగుదామని అన్నదమ్ములు గుడిసె వేసుకున్నారు. కాపలాకు వడ్రంగి కూడా ఉండిపోయాడు. చెట్టు ముదిరేసరికి ముగ్గురికీ పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. మరి ఇరుసు మాటేమిటని ఇప్పటి వడ్రంగిని అడిగాను. "పని ఒప్పుకున్నాం కదా, చేస్తాం" అన్నాడు.

ఇంకో ఏడు ఇళ్ల వాటాలు విడిగా పంపుతున్నాను. ఇక మిగిలింది వరద. అది పిండిమర అత్తది. ఆవిడ కాగితానికి చెప్పను, మనిషికే చెబుతాను అంటోంది.

ఉంటాను,
దర్జీ

తా.క.: తప్పిపోయిన ఇల్లు నాది. ఇరవై ఆరేళ్ల కిందట కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని ఈ ఊరొచ్చాను. అప్పటికే పంపకం అయిపోయింది. అందరి కథలూ నాకు కంఠతా వచ్చు, ఒక్కటీ నేను చెప్పకూడదు. ఊఁ కొట్టడంలో మాత్రం నన్ను మించినవాళ్లు లేరు. బాధ లేదని రాస్తే అబద్ధమవుతుంది. సాయంత్రం వరసగా ఒక్కో ఇల్లూ చెప్పుకుంటూ వస్తుంటే, నా వంతు రాదని తెలిసి కూడా గొంతు సవరించుకుంటాను. ఇదంతా మీ ఫారానికి అక్కర్లేదనుకోండి.

*

దర్జీగారికి,

గడువు దగ్గర పడుతున్నందున అన్ని వాటాలూ కలిపి చరిత్రను నేనే ఒక్కటిగా రాశాను. ప్రతి జతపరిచాను. వరద గడి ఖాళీగా ఉంచరాదు కనుక ఈ వాక్యం చేర్చాను: "ప్రజలు భుజం భుజం కలిపి, కట్టలు కట్టి, వరదను ధైర్యంగా ఎదుర్కొన్నారు." ఇదే వాక్యం మరో ముప్పై రెండు ఊళ్లకు వాడాం. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సంతకాలు చేయించి వెంటనే పంపగలరు.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: పదకొండో ఇంటి సంగతి చదివాను. రెండుసార్లు చదివాను. ఫారంలో దానికి గడి లేదు.

*

గుమాస్తాగారికి,

కొంప మునిగింది. మీ ప్రతి అరుగు మీద చదివాను. ఇరుసు విరగడం, వడ్రంగి రావడం ఒకే వాక్యంలో పెట్టారని పెద్దాయనా వడ్రంగీ ఒంటికాలి మీద లేచారు. నా హద్దులోకి నువ్వొచ్చావంటే నువ్వొచ్చావని ఇద్దరూ ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు. మీరు కొట్టివేతలు వద్దన్నారు కాబట్టి ఒక్క మాటా కొట్టివేయలేదు. కత్తెరతో ఎవరి వాటా వాళ్లకు కత్తిరించి ఇచ్చాను. వాళ్లు సరిచేసుకున్నాక వరస తప్పకుండా మళ్లీ కుట్టాను. జతపరుస్తున్నాను. రెండు వరసల కుట్టు, ఊడదు.

వరద ముక్క మాత్రం అత్త తన రవికలో దోపుకుంది. ఆవిడ మాటలు యథాతథంగా రాస్తున్నాను: "కట్టలు కట్టారా? ఎవరు కట్టారు? ఒక్కడు కాలు కింద పెట్టలేదు, నా మర కప్పు మీద నుంచి దిగలేదు. ఆ రాసినాయన్ని రమ్మను. నా ఎదురుగా కూర్చోమను. మొదటి నుంచీ చెబుతా. మధ్యలో లేస్తే సంతకం పెట్టను." ఆవిడ అన్నదంటే అన్నట్టే. ఆ ఒక్క సంతకం లేకపోతే మేం వీధి అయిపోతాం కదా. ఎలాగైనా రండి.

ఉంటాను,
దర్జీ

తా.క.: అత్త వరద చెప్పడానికి నాలుగు గంటలు పడుతుంది. అసలు వరద మూడు రోజులుంది. ఆవిడ ఎంత కుదించిందో మీరే ఆలోచించండి.

ఇంకో మాట: నా సూది ఒకటి కనబడటం లేదు. కాగితాలు విప్పేటప్పుడు జాగ్రత్త.

*

దర్జీగారికి,

సూది దొరికినది. మా అధికారిగారికి దొరికినది. బొటనవేలికి కట్టు కట్టించుకుని, ఈ ఊరి సంగతి స్వయంగా తేల్చుకు రమ్మని నన్ను ఆదేశించారు.

బుధవారం పది గంటల బస్సులో వస్తాను. పదకొండు గంటల బస్సులో తిరిగి వెళ్లాలి. ఆ మర్నాటితో గడువు ముగుస్తుంది. నలభై నిమిషాల్లో వరద పూర్తి చేయవలసిందిగా అత్తగారికి నా మాటగా చెప్పండి. మధ్యలో లేవవలసి వస్తే ఆవిడ సంతకం పెట్టరు, నేను రాయలేను, మీరు వీధి అవుతారు. నా చేతిలో ఏమీ లేదు.

ఇట్లు,
గుమాస్తా

*

దర్జీ అక్కయ్యగారికి,

ఈ ఉత్తరం ఆఫీసు కాగితం మీద రాయడం లేదు.

చరిత్ర గురువారం ఉదయం అచ్చుకు వెళ్లింది. పదకొండు సంతకాలూ సరిపోయాయి. పటంలో మీ ఊరికి సొంత చుక్క పెట్టించాను. పెన్ను మొన ఆనించినంతే ఉంటుంది గానీ, పక్క ఊరికి తగలకుండా ఉంటుంది.

ఆ రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల వంచుకోవాలనిపిస్తోంది. బస్సు దిగగానే వడ్రంగిగారు మర్యాదగా బల్ల చూపించి కూర్చోమన్నారు. లేచేసరికి మేకుకు తగులుకుని ప్యాంటు వెనక జానెడు చిరిగింది. మీరు దుప్పటి ఇచ్చి, ఇప్పుడే కుట్టి తెస్తానని తీసుకెళ్లారు. దుప్పటి చుట్టుకుని అత్తగారి ముందు మంచం మీద కూర్చున్నాను. ఆవిడ మొదలుపెట్టారు. పదకొండు గంటల బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్లిపోయింది. దుప్పటితో బస్సెక్కలేక కూర్చుండిపోయాను.

కానీ అక్కయ్యా, అలాంటి వరదను నేను ఎప్పుడూ వినలేదు. పదిళ్ల వాళ్లూ మూడు రోజులు మర కప్పు మీద కూర్చుని, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దాని మీద తప్ప దేని మీదా పోట్లాడుకోలేదట. నీళ్లలో పక్క ఊరి మంచం కొట్టుకొస్తే, దాన్ని పట్టుకోవడానికి మాత్రం అందరూ భుజం భుజం కలిపారట. నా వాక్యం పూర్తిగా తప్పు కాదని సంతోషించాను. నేను కూర్చున్నది ఆ మంచమేనని ఆవిడ చివర్లో చెప్పారు. పుస్తకంలో "కొంత సామాను నీటిపాలైంది" అని మాత్రం రాశాను.

ఒక్క మనవి. ప్యాంటు సంగతి బయటికి రానివ్వకండి. ఆఫీసులో బస్సు పాడైందని చెప్పాను. మీ ఊళ్లో ప్రతి సంఘటనకూ ఒక హక్కుదారు ఉంటారు. ఇది ఎవరి వాటాకూ చెందదు కనుక, దీన్ని ఎవరూ చెప్పకూడదని నా అభిప్రాయం.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: కుట్టు మాత్రం అద్భుతం. ఎక్కడ చిరిగిందో ఎంత వెతికినా కనబడలేదు. అందుకే అంతసేపు పట్టి ఉంటుంది.

*

తమ్ముడికి,

అక్కయ్య ఆశీస్సులు.

ఊరికి వచ్చిన ఉత్తరం అరుగు మీద చదవడం అలవాటు కాబట్టి ఇదీ చదివేశాను, మన్నించు. చుక్క దగ్గర పెద్దాయన మళ్లీ చదవమన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. తరవాత ప్యాంటు దగ్గరికొచ్చాం. ఎవరి వాటాకూ చెందదని నువ్వు రాసిన మాట దగ్గర పెద్దాయన చదవడం ఆపమన్నారు.

ఆయన మాట ఇది: "జరిగింది ఊళ్లో. నిలబెట్టింది ఊరిని. ఎవరి వాటాకూ చెందదని సర్కారు గుమాస్తాయే రాసిచ్చాడు. వాటా లేని ఇల్లు మనకొక్కటే ఉంది."

పది ఇళ్లూ ఒప్పుకున్నాయి. ప్యాంటు సంగతి నా ఇంటికి వచ్చింది. నా తరవాత నా కూతురికి, ఆ తరవాత దాని పిల్లలకు.

ఆ సాయంత్రం వరస నడిచి నా దగ్గరికొచ్చింది. అలవాటుగా గొంతు సవరించుకున్నాను. ఎవరూ లేవలేదు. నేను చెప్పాలి కదా, ఏడుపొచ్చింది. అత్త "ఊఁ, కానీ" అంది. నేనింకా ఏమీ చెప్పకముందే ఆవిడ ఊఁ కొట్టింది. ఇరవై ఆరేళ్లుగా నేను కొట్టిన ఊఁలన్నీ ఒక్కసారి తిరిగొచ్చినట్టయింది. అప్పుడు మొదలుపెట్టి చీకటి పడేదాకా చెప్పాను. మేకలాయన కూడా మధ్యలో లేవలేదు.

కాబట్టి తమ్ముడూ, ఇకమీదట ఆ సంగతి నువ్వు కూడా నా అనుమతి లేకుండా చెప్పకూడదు. దాచాలంటే నేనే దాచాలి, నాకు దాచే ఉద్దేశం లేదు. ఆఫీసులో చెప్పినది కూడా సరిదిద్దుకో. నా వాటాలో బస్సు పాడవలేదు. వేళకే వచ్చింది.

ఎప్పుడైనా రా. బల్ల మీద కూర్చోకు.

ఉంటాను,
అక్కయ్య

తా.క.: మొన్నటిదాకా నున్నగా ఉన్న బల్లలోంచి ఆ బుధవారం పొద్దున్నే మేకు ఎలా పైకొచ్చిందో నేను రాయకూడదు. అది వడ్రంగి వాటా.

నా వాటాలోది మాత్రం, అక్కయ్యా అన్నావు గనుక దాచకుండా చెబుతాను. నీ ప్యాంటు కుట్టడానికి పట్టింది పది నిమిషాలు. మిగిలిన మూడు గంటల యాభై నిమిషాలూ దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుని, తలుపు చాటున కూర్చుని అత్త వరద విన్నాను. కోపం తెచ్చుకోకు. ఊఁ కొట్టు.