పాత చట్టానికీ కొత్త చట్టానికీ మధ్య

4 మార్చి 2007, దుబాయ్

మా బీమా ఆఫీసులో కేకు కోశారు. ఈ దేశపు పాత బీమా చట్టం రద్దయి కొత్తది వస్తోంది. పాతది 1984 నాటిదట. అప్పుడు నేను రెండో క్లాసు. మా మేనేజర్ వీరరాఘవరావు గారు ఇన్నాళ్లకి పీడ వదిలిందన్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. రెండు ముక్కలు తిన్నాను.

11 మార్చి

క్లెయిమ్స్ కౌంటర్‌కి గంగాప్రసాద్ అనే అతను వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. అతని అన్న హన్మంతు పోయిన నెల జెబెల్ అలీ సైట్‌లో పరంజా మీంచి పడ్డాడు. వెన్నుపూస. ఒక ఆపరేషన్ అయింది. రెండోది తొందరగా చేస్తే నడవొచ్చట. మా అప్రూవల్ లేనిదే హాస్పిటల్ ముట్టుకోదు.

"అక్కా, మా అన్న బొటనవేలు ఇంకా కదుల్తున్నది. గిప్పుడే చెయ్యాలంటుండ్రు డాక్టర్లు."

రెండ్రోజుల్లో వచ్చేస్తుందని చెప్పాను. ఎప్పుడూ అలాగే వచ్చేది.

13 మార్చి

రాలేదు. పెద్ద క్లెయిములు చూసే కమిటీని పాత చట్టం ప్రకారం వేశారట. కొత్త రూల్స్ అర్థమయ్యేదాకా ఎవరూ సంతకం పెట్టొద్దని లీగల్ వాళ్లు ఆపారు. పోనీ రిజెక్ట్ చేయండి సార్, కనీసం పైన కంప్లైంట్ ఇచ్చుకుంటారు అన్నాను. రిజెక్ట్ చేయడానికి కూడా కమిటీయే కావాలమ్మా అన్నారు వీరరాఘవరావు గారు. చెడ్డమనిషి కాదు. ఆయన మొహం కూడా బాగాలేదు.

18 మార్చి

హన్మంతు పనిచేసిన కంపెనీకి ఫోన్ చేశాను. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, ఇన్సూరెన్స్ తీసుకున్నాం, మా పని ఖలాస్ అని పెట్టేశాడు.

మా ఆయన మురళీ భోజనం దగ్గర ఊరుకోమన్నాడు. మన వీసాలు నీ ఉద్యోగం మీదే ఉన్నాయని గుర్తుచేశాడు. నిజమే. అతనికి పని పోయి మూడో నెల. గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. కోపం ఎవరి మీదో తెలియలేదు.

23 మార్చి, శుక్రవారం

ఉండబట్టలేక హాస్పిటల్‌కి వెళ్లాను. హన్మంతు నాకన్నా చిన్నవాడు. నేను ఇన్సూరెన్స్ మేడమ్‌నని తెలిసి లేవబోయాడు. లేవలేడని మర్చిపోయాడు. కమిటీ సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మేడమ్, నేను పడ్డప్పుడు పాత చట్టమే ఉండె గద. మరి నాకు పాతదే పెట్టుండ్రి. కొత్తది నాకెందుకు?"

మా లీగల్ డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఈ ముక్క అనలేదు.

25 మార్చి

ఆ మాటే రాసి పైకి పంపాను. థాంక్స్ అని జవాబొచ్చింది.

2 ఏప్రిల్

పెండింగ్.

22 ఏప్రిల్

అప్రూవల్ వచ్చింది! నేనే స్టాంప్ వేసి టాక్సీలో పట్టుకెళ్లాను. డాక్టర్ చదివి పక్కన పెట్టాడు. వేళ్లలో కదలిక పోయి పది రోజులైందట. ఇప్పుడు కోసి లాభం లేదన్నాడు.

గంగాప్రసాద్ అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"వదినెకు ఎట్ల చెప్పాలె అక్కా? నడుస్తడని చెప్పిన."

నువ్వు రెండ్రోజులన్నావని అతను గుర్తుచేసి ఉంటే బాగుండేది.

6 మే

హన్మంతుని స్ట్రెచర్ మీద హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కించారు. నేను వెళ్లలేదు. లీవ్ అడిగే ధైర్యం లేకపోయింది.

20 మే

కొత్త చట్టం మీద ట్రైనింగ్. దీనివల్ల మేలు జరిగిన కేసు ఎవరైనా చెప్పమన్నారు. లేచి నిలబడి హన్మంతు పేరు చెప్పాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.