అవ్వ ఖోలీకి కిరాయిదారు

సాయమ్మక్కకు బొంబాయి నుంచి తమ్ముడు ముత్తయ్య శనార్తి. ఈడ అందరం మంచిగున్నం.

అవ్వ పోయినంక ఫోరస్ రోడ్డుల ఆమె ఉన్న ఒక్క అర్ర ఖోలీ ఖాలీగున్నది గదా, కిరాయికిచ్చి నేను గూడ మాలక్‌నయిదామనుకున్న. నర్సింలని ఒకడొచ్చిండు. మీ ఊరి సుంకరి చంద్రయ్య కొడుకునంటడు. నాకు నమ్మబుద్ధి కాలే. "మా అక్క ఇంటి పక్క కుంటి పోశెట్టి ఎట్లున్నడు?" అని అడిగిన. పోశెట్టి అనేటోడే లేడు, నేనే పుట్టించిన! వాడేమో "మంచిగున్నడు మామా, నిన్ను అడిగిండు" అన్నడు. మా ఇంటిది రత్నాబాయి నవ్వుతది. "ఖోలీ కావాల్నంటె నువ్వయితె పోశెట్టి పెండ్లిల బువ్వ తిన్ననంటవు" అంటది.

నవ్వులాట కాదక్కా. ఈడ రేషన్ కార్డు మీద ఖోలీ నంబరు ఎక్కించుకున్నోడు ఇగ జన్మల దిగడు. అవ్వ ఇటుకలు మోసి సంపాయించిన జాగ పోతది.

చంద్రయ్యకు బొంబాయిల కొడుకున్నడా, ఎసువంటోడు, జల్ది రాయి. బావకు దగ్గు తగ్గిందా? ఎవరన్న ఇటొస్తె చింతపండు పంపు.

నీ జవాబొచ్చేదాంక ఖోలీల అవ్వ మంచం మీద నేనే పండుకుంటున్న. రత్నాబాయి నన్నే కిరాయి అడుగుతది. పిల్లలకు దీవెనలు.