రొడెల్ వీపు మీద తువ్వాలు

చెల్లీ పురితా, నీ దగ్గు తగ్గిందా? మరిది మోకాలి నొప్పి ఎలా ఉంది? చిన్నదానికి మళ్ళీ జ్వరం రాలేదు కదా?

ఇక్కడ హాంకాంగులో మావాడు రొడెల్ కులాసాగానే ఉన్నాడు. నాకే తల ఎత్తుకోబుద్ధి కావడం లేదు. శనివారం వాడు తన బ్యాండు పాడే హోటలుకు నన్ను తీసుకెళ్ళాడు. గెంతుతూ పాడుతుంటే చొక్కా తడిసి ముద్దయింది, నెత్తిన ఏసీ. చెమట వీపు మీదే ఆరితే నెమ్ము చేస్తుందని మనకు తెలియనిదా? పాట మధ్యలో స్టేజీ ఎక్కి, వాడి చొక్కా లోపల తువ్వాలు దోపేశాను. జనం గొల్లుమన్నారు.

"పిన్నీ, నాకూ ఒకటి!" అన్నాడు డ్రమ్ములు వాయించేవాడు.

"నాకు నలభై ఏళ్ళొచ్చాయే అమ్మా! పరువు తీయకు, దిగు," అన్నాడు రొడెల్, అదీ మైకులోనే.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నీకు అప్పగించి వచ్చిన పందిపిల్లకు మేత వేస్తున్నావా? ఈ సంగతి ఇరుగుపొరుగుకు చెప్పకు. నిన్న పనికి వెళ్తూ వాడే నా ముందుకొచ్చి, వీపు తిప్పి నిలబడ్డాడు. సిగ్గుపడుతూనే తువ్వాలు దోపి, చొక్కా సర్ది పంపాను.

మరియమ్మ తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలి. మేమిద్దరం డిసెంబరు పదిన వస్తున్నాం.