సున్నం పడ్డ విమానం

17 జులై 1983, ఆదివారం

తోక వచ్చింది. చివరి లారీ ఇదే. హైదరాబాదు నుంచి వస్తూ సదాశివపేట మలుపులో ఇరుక్కుపోయి, ఎలాగో కదిలి, పొద్దున చిరాగ్‌పల్లి చేరింది. ముక్కు, నడుము, రెక్కలు పోయిన వారమే దిగాయి. విమానమంతా ఇప్పుడు రాంరెడ్డి పటేలు చేలో ఉంది, ముక్కలు ముక్కలుగా. ఇంజన్లు లేవు, అమ్మినవాళ్లే విప్పుకున్నారు. వేలంలో కొన్నది పటేలు, కూర్చాల్సింది నేను. బొంబాయి హ్యాంగర్లో ఇన్నేళ్లు దీని కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగించినవాణ్ణి. రిటైరయ్యాను కదా అని జహీరాబాదులో ఊరికే కూర్చోనిస్తారా?

నా వెంట చూడ్డానికొచ్చిన మా ఆవిడ సుగుణ, "గిదేందయ్యా, నీ పెద్ద పెండ్లం గూడ వచ్చిందా?" అంది. బొంబాయిలో తనకంటే దీని దగ్గరే ఎక్కువ ఉన్నానని దెప్పు. నిజమే. తోక మీద నంబరు చూడగానే వెళ్లి దాని మీది మట్టి తుడిచాను, నా చేతుల మీదుగా పోయిన విమానమే. ఆవిడకు మాత్రం చెప్పలేదు.

19 జులై

వాన. రెక్కల మీద టార్పాలిన్ కప్పి వచ్చేశాం. ఎర్రమట్టి బురదలో ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

2 ఆగస్టు

ముక్కూ నడుమూ కలిశాయి. రివెట్లు కొట్టింది గౌస్ భాయి, హైవే మీద లారీ బాడీలు కట్టేవాడు. "సాబ్, లోయల వడ్డ లారీలనే సీదా జేసిన. గిది నిలబడే ఉన్నది గద, ఫికర్ జేయకు." ఫికర్ చెయ్యక ఏం చెయ్యను... లారీని బాదినట్టే బాదుతున్నాడు. ఇది పల్చటి రేకు, మెల్లగా అని అరిచాను. కాసేపు మెల్లగా కొట్టాడు. టీ తాగొచ్చి మళ్లీ మొదటికే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అయితే అతుకు మాత్రం గట్టిగా ఉంది, గోరు కూడా దూరలేదు.

14 ఆగస్టు

చర్చి నుంచి నేరుగా చేనుకే వెళ్లాను. పక్క చేలో కలుపు తీసే బాలమ్మ, ఆమెతో వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద నిలబడి చూస్తున్నారు. దగ్గరికి రమ్మన్నాను. బాలమ్మ రేకు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది. ఎండకు కాలుతోంది మరి.

"గింత పెద్దది మీదికెట్ల లేస్తది సారూ?"

గాలి గురించీ రెక్క వంపు గురించీ మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపింది. "మా మీదికెల్లి పోయేటిదేనా?"

పోయేదే. బొంబాయి, హైదరాబాదు దారి ఈ చేల మీదుగానే.

"మరింక మాదే గద!" అని నవ్వుతూ కలుపుకు వెళ్లిపోయింది. నాకు ఎందుకో చాలా సంతోషమైంది.

30 ఆగస్టు

పటేలు తమ్ముళ్లతో గొడవపడి వచ్చాడు. పంట పండే చేలో పనికిరాని రేకు పెట్టాడని వాళ్ల పోరు. మొహం గంటు పెట్టుకుని ఒకటే మాట. "దసరాకు జనానికి సూపెట్టాలె, దేవదానం. అద్దం లెక్క మెరవాలె. లేకుంటే నా పరువు వోతది. తుక్కు షేటు తయ్యారుగున్నడు... కోసుకపొమ్మంట."

కోసుకుపోవడం! ఇంటికొచ్చినా ఆ మాటే చెవిలో. అన్నం సయించలేదు.

11 సెప్టెంబరు

రెక్కలు నిలిచాయి. పాలిష్ మొదలైంది. ఏళ్ల మసి వదిలి కింద తెల్లని లోహం బయటపడుతుంటే చేతుల నొప్పి కూడా తెలియడం లేదు. పొట్ట భాగం అయింది. అందులో నా మొహం కనబడింది. ముసలివాణ్ణయ్యాను!

24 సెప్టెంబరు

పాలిష్ ముద్ద అయిపోయింది. రేపు పొద్దున బస్సుకు హైదరాబాదు వెళ్లాలి. గౌస్ కూడా ఊళ్లో ఉండడట, రాయికోడ్‌లో చెల్లెలి ఇంట్లో పెళ్లి. రెండు రోజులే కదా.

28 సెప్టెంబరు

హైదరాబాదులో వానకు బస్సులు ఆగిపోయాయి. ఇవాళ మధ్యాహ్నం గానీ దిగలేదు. దిగి చూస్తే...

తెల్లగా ఉంది. ముక్కు, పొట్ట, చేతికి అందినంత మేరా సున్నం. కింద చుట్టూరా ఎర్రమన్ను పట్టీ. సున్నం మీద వరసగా ఎర్రమన్ను చేతిముద్రలు. పండక్కి ఇల్లు అలికినట్టు, సున్నమేసినట్టు!

బాలమ్మ బుట్ట పక్కన నిలబడి ఉంది, జుట్టులో ఇంకా సున్నం చుక్కలు. "దసరా వస్తుంది గద సారూ. మీరు గింత కష్టపడవట్టిరి. మా ఇండ్లకు ఏస్తిమి, దీనికెందుకు తక్కువ జేయాలె? మీరొచ్చెసరికి తయారుగుండాలని అందరం గలిసి ఏసినం."

అల్యూమినియానికీ సున్నానికీ పడదు. తడి సున్నం దాన్ని తినేస్తుంది. వేలితో గీకితే కింద నల్లగా వచ్చింది. అరిచాను. ఏమన్నానో రాయను. బాలమ్మ బుట్ట తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

29 సెప్టెంబరు

పొద్దుటి నుంచి బావి నీళ్లు తోడి పోస్తూనే ఉన్నాను. గౌస్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. సున్నం పోతోంది, మచ్చలు పోవడం లేదు.

సుగుణ అన్నం తెచ్చింది. గిన్నె దింపుతూనే అంది. "సున్నం ఏయొద్దని ఆళ్లకెవరు చెప్పిన్రు? నువ్వు చెప్పినవా?"

చెప్పలేదు. ఎవరైనా విమానానికి సున్నం వేస్తారని కలగంటానా?

"మరి ఆళ్లు గూడ కలగనలే. పేమతోని చేసిన్రు. నీ కోపం ఆ పటేలు మీద, తుక్కు షేటు మీద. ఆళ్ల మీద తీసినవు."

అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే. తల దించుకుని తిన్నాను.

30 సెప్టెంబరు

బాలమ్మ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడితే పీట వేసి, బియ్యం చెరగడంలో పడింది. తప్పు నాదన్నాను. సున్నానికి పులుపు విరుగుడు, కొంచెం చింతపండు రసంతో కడిగి చూస్తానని చెప్పాను. అప్పుడు నోరు విప్పింది. "ఇత్తడి బిందెలు తోమినట్లా?" అలాగే. "గయితే మా పనే గద సారూ, నువ్వేం తోముతవు..."

1 అక్టోబరు

ఆరుగురు వచ్చారు. ఎవరింటి చింతపండు వాళ్లు తెచ్చుకున్నారు. ముందు ఒక మూల చూసుకుని తర్వాత మిగతాది. రసం రాయడం, నీళ్లు పోయడం, మళ్లీ రాయడం. పాటలు పాడుతూ తోముతున్నారు. గౌస్ నిచ్చెన పట్టుకుని, "లారీలకు గూడ గిట్ల తోమెటోళ్లుంటే మంచిగుండు" అని ఒకటే నవ్వు. సుగుణ కూడా కొంగు బిగించింది. విమానాన్ని తిట్టేది ఈవిడేనా?

4 అక్టోబరు

మెరుపు చాలావరకు వచ్చింది. అయితే సున్నం రోజుల తరబడి నానిన చోట రేకు గుంటలు పడింది. చేతిముద్రలు వేసిన చోట సున్నం మన్నుతో కలిసి మందంగా అంటుకుని ఉండాలి, అక్కడ ఇంకా లోతు. పాలిష్ చేసినా బూడిదరంగు అరచేతులు అలాగే ఉన్నాయి, వేళ్లతో సహా.

గౌస్: "రంగేస్త సాబ్. నీలం ఏసి, నెమలి గూడ ఏస్త."

గుంటల మీద రంగు వేస్తే రేపు పొక్కులు లేస్తాయి. పైగా... వద్దనిపించింది. అంతే.

7 అక్టోబరు

బతుకమ్మ మొదలైంది. ఎవరూ రాలేదు. కుర్చీల తోలు ఒక్కణ్ణే కుట్టుకున్నాను.

12 అక్టోబరు

ఎవరో పటేలుకు చెప్పేశారు. కబురు పంపాడు. "ఎల్లుండి వచ్చి సూస్త. షేటును గూడ రమ్మన్న."

పళ్లు తోముకుంటూ కూడా అదే ఆలోచన. ఏమని చెప్పాలి? మచ్చలు లేవని అబద్ధమాడలేను. ఉన్నాయని చెబితే లారీ ఎక్కిస్తాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీన్ని ముక్కలు చేస్తుంటే చూసే ధైర్యం నాకు లేదు. రాసుకుంటున్నాను, సిగ్గెందుకు?

14 అక్టోబరు

చక్రం పక్కన కూర్చుని రాస్తున్నాను. చేతులకు ఏదో ఒక పని కావాలి.

షేటు లారీ రోడ్డు మీద ఆగి ఉంది. కోసేవాళ్లు కూడా వచ్చారు, గ్యాసు సిలిండర్లతో. పటేలు ఇందాకే వచ్చాడు. విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. పొట్ట దగ్గర ఆగాడు.

"గివేంది?"

నేను నోరు తెరిచేలోపే గట్టు మీది నుంచి బాలమ్మ, "చేతులు పటేలా. గది నాది. దాని పక్కది మా కోడలిది. మేమే ఖరాబు జేసినం, సారు తప్పు లేదు" అంది.

"మెరుస్తలేవు గద."

"లేవు పటేలా."

షేటు దగ్గరికొచ్చి, "మచ్చలున్నా మంచిదే, తూకానికేం తక్కువ గాదు" అన్నాడు. పటేలు ఆయన వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. తర్వాత నా వైపు తిరిగి, "లోపట ఏమున్నదో నేనెన్నడు సూడలే" అన్నాడు. చెప్పులు విడిచి మెట్లెక్కాడు. వెనకాల వెళ్లబోతే చేత్తో ఆగమన్నాడు.

అలా ఎక్కిన మనిషి ఇంకా దిగలేదు.

గౌస్ బీడీ మీద బీడీ. బాలమ్మ వాళ్లు పనిలోకి పోకుండా అక్కడే కూర్చున్నారు. లారీ డ్రైవరు ఇప్పటికి రెండుసార్లు హారన్ కొట్టాడు. షేటు, "పటేలా, పొద్దు వోతుంది!" అని కేకేశాడు. 

కిటికీలో కనబడుతున్నాడు. భుజం మీది తువ్వాల తీసి లోపలివైపు అద్దం తుడుస్తున్నాడు. అది అయిపోయింది. పక్క కిటికీకి జరిగాడు.