చింతకింద పడుగు

12-2-1927, శనివారం, బరంపురం

పొద్దున్న మునిసిపాలిటీ ఓవర్సీరు భానుమూర్తి గారు వచ్చి మా నేతవీధి చింతచెట్టుకి సున్నంతో గుర్తు పెట్టించారు. కొట్టేస్తారంట. గోపాలపూర్ పోయే దొరల మోటార్లకి రోడ్డు వెడల్పు చెయ్యాలంట. పైగా చెట్టు నడుం పుచ్చిపోయింది, ఎవడి నెత్తి మీదో పడుతుంది అన్నారు.

అది పుచ్చు కాదు. మా తాతల నాటి నుంచి చీర నిలువుపోగులు, అదే పట్టు పడుగు, వీధి పొడుగునా చాపి, తాడు ఆ నడుముకే కడుతున్నాం. తాడు ఒరుసుకుని గాడి పడింది. నా అరచెయ్యి అందులో ఇమిడిపోతుంది.

చెబుదామని దగ్గరికెళ్ళాను. నమస్కారం పెట్టి వచ్చేశాను.

13-2

ఎండలో చాపితే పట్టుపోగు పెళుసెక్కి పుటుక్కుమంటుంది. ఈ నీడ పోతే వీధి వీధంతా ఎక్కడికెల్తాం?

15-2

పక్కింటి కొండలు వెళ్ళి అడిగాడు. రావిచెట్టా, వేపచెట్టా, దయ్యాల చింతకి ఇంత ఏడుపెందుకయ్యా అని ఓవర్సీరు గారు నవ్వారంట. కొండలు ఆ కోపం నా మీద తీర్చుకున్నాడు. ఏటి మావా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయని దాసుకుంటన్నావా అన్నాడు.

16-2

మా చెల్లి అచ్చమ్మ తెల్లారకుండా చెట్టుకి పసుపు రాసి, కుంకం పెట్టి, మొదట్లో రాయి నిలబెట్టింది. అమ్మోరు ఎలిసిందంటే ఎవడూ ముట్టడు, నువ్వు మాటాడకు అన్నయ్యా, అది నీకు బాగా వచ్చు కదా అంది.

బిందెడు నీళ్ళు పోసి కడిగేశాను. అచ్చమ్మ తిట్టింది. వీధంతా తిట్టింది. తిట్టనీ. ఇది అమ్మోరు కాదు. చింతచెట్టు. దీని కింద సాగిన పట్టు కట్టుకుని అస్కా నుంచి గిరిసోల దాకా ఎందరు పెళ్ళిపీటలెక్కారో. దీనికి దొంగబొట్టు ఎందుకు?

18-2

గొడ్డళ్ళు వచ్చాయి. నేను ముందే లేచి పెళ్ళిచీర పడుగు చాపాను. తాడు గాడిలో బిగించాను.

చాపిన పడుగుని ఎవరూ దాటరు. ఇనుము తగలనివ్వరు. పెళ్ళిపడుగయితే మరీను. బరంపురంలో కూలోడి బిడ్డకీ తెలుసు. గొడ్డలోళ్ళ మేస్త్రీ గొడ్డలి దించేశాడు. దాటితే రేపు నా కూతురి కాపురం ఏటవ్వాల బాబూ అన్నాడు. ఓవర్సీరు గారు నా వేపు తిరిగి, ముసలాడా, ఎప్పుడు తీస్తావని అరిచారు.

ఇది తీశాక ఎదురింటి కాసమ్మోళ్ళది చాపుతాం అన్నాను.

నేనే అన్నాను. తాడు ఇంకో చుట్టు బిగించాను.

2-3

ఇవాళ కాసమ్మోళ్ళది. రేపు కొండలుది. పొద్దుగూకితే తీసేస్తాం. రాత్రి కాపలా అక్కర్లేదు. చింత మీది దయ్యమంటే గొడ్డలోళ్ళకే భయం.

20-4

ఓవర్సీరు గారి బంట్రోతు చెట్టుకి నోటీసు అంటించడానికి వచ్చాడు. అంటించే గంజి మా ఇంట్లోనే అడిగాడు. అచ్చమ్మ పోసింది. పల్చగా పోసింది. మధ్యాన్నానికి నోటీసు కాలవలో ఉంది.

11-7

ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు. షావుకారు పట్టు ఇవ్వనన్నాడు. వీధిలో ఏ ఇంటా పోగు లేదు. ఇది ఓవర్సీరు గారికి తెలిసిపోయింది. రేపు గొడ్డళ్ళు వస్తాయని కబురు.

12-7

తెల్లారగానే అందరం చెట్టు నుంచి వీధి చివరిదాకా, పడుగుకి నిలబడినట్టే నిలబడ్డాం. పడుగు దువ్వే కుంచెలతో ఉత్త గాలిని దువ్వాం. ఒకచోట పోగు తెగినట్టనిపించింది. ఆగి ముడేశాను.

మేస్త్రీ చూశాడు. చెప్పులు విడిచి, గొడ్డలోళ్ళని వెంటబెట్టుకుని, పక్కవీధిలోంచి చుట్టూ తిరిగి పోయాడు.